కౌజు గ్రుడ్లను ఇంట పొదిగించుట

(హోసూరు తెలుగు కుటుంబముల ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వారము మాటలాడుటకు మమ్ములను పిలిచినపుడు కార్యదర్శిగారు “మీకు తోచిన విషయము చెప్పుడు” అనిరి. మాకు తోచిన విషయములు చాల కలవు గాని, ఈ సభకు మేము బాకీపడిన విషయము ఒకటి కలదు. ముందు దానిని తీర్చుకొనుట ధర్మమని ఎంచి, నేడు దానినే చెప్పదలచితిమి. మేము ధాన్యము, దాణా అమ్ముకొను వర్తకులము. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచినది. పశువైద్యశాస్త్రము మేము చదువలేదు. ఇపుడు చెప్పబోవునదంతయు రెండు మారులు చెడగొట్టి, మూడవమారు చక్కజేసికొని నేర్చినది.

బాకీ ఎట్టిదో మనవి చేయుదుము. గత సంవత్సరము ఇదే చోట గృహపరిశ్రమలను గూర్చి ముచ్చటించుచు, “కౌజు గ్రుడ్లను పెట్టెలో పెట్టి మీట నొక్కినచో పదునెనిమిది దినములకు పిల్లలు లేచును, అందేమియు కష్టము లేదు” అని మేము తేలికగా పలికితిమి. ఆ మాటను నమ్మి మన కుటుంబములలోని సోదరి ఒకామె, భర్తను కోల్పోయి కుట్టుపనితో ఇద్దరాడపిల్లలను చదివించుకొనుచున్నామె, తన చీటీ డబ్బు తీసి యంత్రమును, 50 గ్రుడ్లను కొన్నది. ఇరువదవ దినమునకు 6 పిల్లలు వచ్చినవి. వానిలో రెండే బ్రదికినవి. సంగతి తెలిసి మేము వారి ఇంటికి పోగా, ఆమె మమ్ములను కఠినమైన మాట ఒక్కటియు అనలేదు. “గుడ్లు నావి, మాట మీది అన్నా” అని మాత్రమే అన్నది. ఆ మాట మాకు నేటికిని చెవులలో నున్నది. ఆమె అనుమతి తీసికొనియే ఈ సంగతి చెప్పుచున్నాము.

రెండవమారు పెట్టిన 50 గ్రుడ్లు మా ఎదుటనే, మా పర్యవేక్షణలోనే పాడైనవి. 11 మాత్రమే పిల్లలైనవి. కావున మొదటి నష్టమునకు మా నోరును, రెండవదానికి మా చేతులును కారణము. ఈ రెండు నష్టములును ఎందువలన కలిగినవో తెలిసినచో మీకు మూడవది కలుగదు.

పిట్టయు దాని స్వభావమును

మొదట ఈ పిట్ట ఏదో తెలిసికొందము. పొలము గట్లమీద గడ్డిలోనుండి బుఱ్ఱుమని లేచిపోవు పూరేడును పెద్దలెల్లరు ఎఱుగుదురు. మనము పెంచునది అది కాదు. పొలములలోని పూరేడులను పట్టుటయు, వాని గ్రుడ్లను ఎత్తుకొని వచ్చుటయు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఆ పని ఎవరును చేయరాదు. మనము పెంచునది జపాను దేశమున చిరకాలముగా ఇండ్ల పెంపకమునకు అలవాటుపడిన జాతి. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియానుండి దీనిని ఉత్తరప్రదేశమందలి ఇజ్జత్‌నగరమునకు తెప్పించి, అచ్చటి పరిశోధనాలయమున పెంచిరి. అటుపిమ్మట మన తమిళనాడులోనే నందనము, నామక్కల్లు అను పేర్లతో దీని రకములను వృద్ధిచేసిరి. తెలుగున కౌజుపిట్ట అను పేరు వాడుకయైనది. ఇచట తమిళులు కాడై అందురు. మన ఇండ్లలోని పిల్లలకు ఆ పేరే ముందుగా తెలియును. బరంపురము వైపు మన బంధువులకు గుండురి యన్నగాని తెలియదు. ఈ పత్రికను చదువువారు ఏ ఊరివారైనను ఈ పిట్ట ఏదో గుర్తింతురుగాక.

కౌజు గ్రుడ్డు తూకము పది మొదలు పండ్రెండు గ్రాములు. అయిదు గ్రుడ్లు కలిసినచో ఒక కోడిగ్రుడ్డు పాటి యగును. పెట్ట ఆరేడు వారముల వయస్సుననే గ్రుడ్లు పెట్ట నారంభించును. బాగుగా మేపి, వెలుతురు చక్కగా ఇచ్చినచో ఏడాదికి 250కి పైగా పెట్టును. ఇంటి వెనుక నాలుగడుగుల చోటున్నను చాలును. ఇన్ని గుణములున్నను ఒక లోపము కలదు. తరతరములు మనుష్యుల చేతులలో పెరుగుటచేత ఈ పిట్ట పొదుగుట మఱచినది. గ్రుడ్డు పెట్టును, లేచిపోవును, వెనుకకు తిరిగి చూడదు. కావున దాని పని మనమే చేయవలెను.

మన నాయనమ్మలు నాటుకోడిని పొదిగించిన విధము మీకు జ్ఞప్తి యుండును. గంపలో ఊక పోసి, గ్రుడ్లమర్చి, పొదుగు కోడిని కూర్చుండబెట్టి, చీకటి మూలలో నుంచెడివారు. ఆ పెట్టకు తెలిసిన పనులు నాలుగు. గ్రుడ్డుకు ఒకే తీరున వేడినిచ్చుట, గ్రుడ్డు ఎండిపోకుండ తేమ నిలుపుట, ముక్కుతో గ్రుడ్డును త్రిప్పుచుండుట, తాను మేతకు లేచినపుడు గాలి తగులనిచ్చుట. తేలికయైన చిన్న నాటుపెట్ట దొరకినచో కౌజు గ్రుడ్లను దానిక్రిందనే పెట్టవచ్చును. బరువైన పెట్ట ఐనచో ఈ పలుచని పెంకులు దాని కాళ్లక్రింద పగిలిపోవును. అట్టి పెట్ట లేనివారికి యంత్రము తప్పదు. అయితే యంత్రము ఆ నాలుగు పనులను తెలిసి చేయదు. అది చెప్పినంత చేయును, ఒక్కొక్కపుడు చెప్పినట్లు చూపుచు చేయకయే యుండును.

మొదటి నష్టము: వేడి

ఆ సోదరి కొన్నది లోపల చిన్న పంకా గల థర్మోకోలు పెట్టె. పంకా గల పెట్టెలో గ్రుడ్లకు కావలసిన వేడి 37.5 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా ఫారన్‌హీటులో 99.5. పంకా లేని పెట్టెలో వేడి పైన ఎక్కువగను, అడుగున తక్కువగను ఉండును గనుక, గ్రుడ్ల పైభాగమున కొలిచినపుడు 38.3 ఉండవలెను. ఆమె యంత్రము మీది అంకెలు రేయింబవళ్లు 37.5 అనియే చూపినవి. అంకెలు వెలుగుచున్నవి గనుక అవి సత్యమని ఆమెయు నమ్మినది, తరువాత మేమును నమ్మితిమి.

మా దుకాణములో తక్కెడను ఏటేట తనిఖీ చేయించి ముద్ర వేయించుకొందుము. ముద్రలేని తక్కెడతో తూచుట నేరము. అట్టి మేము ఈ యంత్రపు లెక్కను పరీక్షింపక నమ్మితిమి. పిమ్మట పరీక్షించిన విధము చెప్పెదము. ఇది ఎవరైనను చేయదగినది. చిన్న సీసాలో నీరు నింపి, మూత గట్టిగా బిగించి, గ్రుడ్లుండవలసిన చోటనే యంత్రములో ఒక రాత్రియంతయు ఉంచవలెను. తెల్లవారి దానిని తీసి, వెంటనే మూత విప్పి, ఇంటిలో జ్వరము చూచు థర్మామీటరును ఆ నీటిలో ముంచి చూడవలెను. జ్వరపు థర్మామీటరు సరిగ్గా ఈ వేడి దగ్గరనే నమ్మకముగా పనిచేయునట్టిది. మాకు యంత్రము 37.5 చూపుచుండగా సీసాలోని నీరు 36.6 చూపినది. తేడా ఒక డిగ్రీకి కొంచెము తక్కువ. మనకు అది లెక్కలోనిది కాదు. గ్రుడ్డులోని ప్రాణికి అది చాల పెద్ద తేడా.

వేడి తక్కువయైనచో పెరుగుదల మందగించును. పదునేడు పదునెనిమిది దినములకు రావలసిన పిల్లలు ఇరువదవ దినమునకు వచ్చును, అవియు కాళ్లు నిలువని బలహీనములై వచ్చును. కొన్ని పూర్తిగా పెరిగియు పెంకు పగులగొట్టు శక్తిలేక లోపలనే చచ్చును. మొదటిమారు జరిగినది ఇదియే. వేడి ఎక్కువయగుట ఇంకను ప్రమాదము. కొంతసేపు చల్లబడినను గ్రుడ్డు ఓర్చుకొనును గాని, వేడి మితిమీరినచో కొద్దిసేపటిలోనే లోపలి పిండము నశించును. అందుచేత “కొంచెమెక్కువ పెట్టుదము, త్వరగా వచ్చును” అను ఆలోచన కూడదు.

గ్రుడ్లు పెట్టుటకు ముందు యంత్రమును ఒక దినమంతయు వట్టిగా నడిపి, వేడి నిలకడగా ఉన్నదని తేల్చుకొనవలెను. దానిని కిటికీ ప్రక్కను, ఎండ పడు చోటను, పొయ్యి దగ్గరను ఉంచరాదు. మన హోసూరులో చలికాలపు రాత్రులు ఎట్లుండునో మీకు తెలియును. పగటికి రాత్రికి భేదము తక్కువగా నుండు లోపలి గదియే దీనికి తగినది.

గ్రుడ్ల ఎన్నిక

తినుటకు అంగడిలో అమ్ము గ్రుడ్లను పొదుగుటకు కొనరాదు. అవి మగపిట్ట లేని గుంపులోనివి కావచ్చును, చల్లని పెట్టెలలో దినములకొలది ఉన్నవియు కావచ్చును. రెండు మూడు పెట్టలకు ఒక మగపిట్ట చొప్పున ఉంచిన గుంపునుండి, మగపిట్టను కలిపిన నాలుగవ దినము తరువాత పెట్టిన గ్రుడ్లను తీసికొనవలెను. పెట్టలు మరీ లేతవియు, మరీ ముదురువియు కారాదు. ఎనిమిది పది వారముల వయస్సు దాటినవి మంచివి.

గ్రుడ్డు పెట్టిన ఏడు దినములలోగా యంత్రములో పెట్టవలెను. నాలుగైదు దినములలో పెట్టినచో ఇంకను మేలు. అంతవరకు సన్నకొన క్రిందికి ఉండునట్లు ఇంటిలో అన్నిటికన్న చల్లని మూలలో ఉంచవలెను. ఫ్రిజ్జు పెట్టెలో ఉంచరాదు, ఆ చలి మిక్కుటము. మురికియైన గ్రుడ్లను కడుగరాదు. పెంకుపై సహజముగా నుండు పూత కరగి, సూక్ష్మజీవులు లోపలికి చొరబడును. మరీ మురికివానిని, చీలినవానిని, ఆకారము వంకరగా ఉన్నవానిని, మరీ చిన్నవానిని వేరుచేసి కూరకు వాడుకొనుడు. బస్సులో దూరమునుండి తెచ్చిన గ్రుడ్లను సన్నకొన క్రిందికి ఉంచి, ఒక పూటయైనను కదల్పక, గది వేడికి రానిచ్చి, పిమ్మట యంత్రములో పెట్టవలెను.

ఇంకొక ముఖ్యవిషయము కలదు. ఒకే తల్లి పిల్లలను తమలో తాము జతపరచుచు పోయినచో కౌజులలో చెడుగు త్వరగా కనబడును. రెండు మూడు తరములలోనే గ్రుడ్లు పొదుగుకు రాకపోవుట, పిల్లలు నీరసించుట సంభవించును. కావున ఒక ఇంటి మగపిట్టలను వేరొక ఇంటికి మార్చుకొనుచుండవలెను. ఒంటరిగా పెంచువానికంటె పదిండ్లవారు కలిసి పెంచినచో ఈ పని సులభము.

తేమ, త్రిప్పుట, గాలి

యంత్రములో నీరు పోయుటకు చిన్న కాలువలుండును. మొదటి పదునాలుగు దినములు తేమ నూటికి 45 మొదలు 55 వంతులును, కడపటి మూడు దినములు 65 మొదలు 70 వంతులును ఉండవలెను. అయితే ఎంత నీరు పోయవలెనో అన్ని ఊళ్లకును ఒకే లెక్క చెప్పుట తగదు. యానాములోను, బరంపురములోను గాలియే తడిగా నుండును. అచ్చటివారు కొద్దిపాటి నీటితో సరిపెట్టవచ్చును. సోలాపురమున, బళ్లారిలో వేసవిగాలి పొడిగా నుండును. అచ్చటివారు రోజూ నీరు చూచుకొనవలసి వచ్చును. మన హోసూరులోనే వానకాలమునకు, మాఘ ఫాల్గుణములకు భేదము కలదు.

తేమను చూపు చవుక పరికరములును యంత్రము వలెనే అబద్ధమాడవచ్చును. అందుకు వర్తకుని ఉపాయమొకటి చెప్పెదము. గ్రుడ్లను పెట్టునాడు మొత్తము తూచి వ్రాసికొనుడు. బంగారపు పని చేయువారి చిన్న కాటాయైనను, వంటయింటి కాటాయైనను చాలును. పొదుగు కాలములో పెంకు సూక్ష్మరంధ్రములనుండి నీరు ఆవిరియై పోవుచు, గ్రుడ్డు మొద్దుకొనలో గాలిగది పెరుగుచుండును. పిల్ల మొదటి శ్వాస తీసికొనునది ఆ గాలిగదిలోనే. పదునాలుగవ దినమున మరల తూచినపుడు తూకము ఇంచుమించు పదింట ఒక వంతు తగ్గియుండవలెను. 50 గ్రుడ్లు 550 గ్రాములుండినచో అప్పటికి 495 దరిదాపున ఉండును. అంతకన్న చాల తక్కువగా తగ్గినచో తేమ ఎక్కువైనది, గాలిగది చిన్నదై పిల్ల లోపలనే ఉక్కిరిబిక్కిరియగును. చాల ఎక్కువగా తగ్గినచో గ్రుడ్డు ఎండుచున్నది, నీరు పెంచవలెను. మధ్యలో ఏడవనాడు ఒకమారు తూచి చూచుకొన్నచో సరిదిద్దుకొనుటకు వ్యవధి యుండును.

గ్రుడ్లను దినమునకు కనీసము మూడుమారులు త్రిప్పవలెను. ఒక ప్రక్క గీటు, వేరొక ప్రక్క చుక్క పెన్సిలుతో గుర్తించినచో ఏది తిరిగినదో ఏది తిరుగలేదో తెలియును. త్రిప్పకున్నచో పిండము పెంకులోపలి పొరకు అంటుకొని చచ్చును. మూడు లేక ఐదుమారులు త్రిప్పినచో, మనము నిద్రించు దీర్ఘమైన రాత్రివేళ గ్రుడ్డు ప్రతిదినము ఒకే ప్రక్కన పడి ఉండదు. చేతులు కడుగుకొని, తుడుచుకొని, పిమ్మటనే గ్రుడ్లను తాకవలెను. తనకు తాను త్రిప్పు యంత్రమైనను, నిజముగా తిరుగుచున్నదో లేదో చూచుకొనుడు.

గాలిరంధ్రములను మూయరాదు. తేమ నిలుచుటకని కొందరు వానిని గుడ్డతో బిగింతురు. లోపలి పిండము పెరిగిన కొలది దానికి ప్రాణవాయువు ఎక్కువ కావలెను. గ్రుడ్డులోనిది బ్రదికియున్న ప్రాణి యనియు, అది గాలి పీల్చుననియు మఱవరాదు.

కోడిగ్రుడ్లను దీపపు వెలుగున చూచినట్లు కౌజు గ్రుడ్లను చూచుట కష్టము. పెంకుపై నల్లని మచ్చలు వెలుతురును అడ్డగించును. మొదటి మారులలో మేము సందేహించి పారవేసిన గ్రుడ్లలో ఎన్ని మంచివో ఇపుడు చెప్పజాలము. కావున వాసన వచ్చుదానిని, కారుచున్నదానిని మాత్రము తీసివేసి, తక్కినవానిని కడవరకు ఉంచుడు.

కరెంటు పోయినపుడు కంగారుపడి మూత తెరువరాదు. యంత్రముపై కంబళి కప్పి, గాలిరంధ్రములను పూర్తిగా మూయక, వేడినీటి సీసాలను పెట్టె ప్రక్కన చేర్చి ఉంచుడు. ఒకటి రెండు గంటలు గడచినంత మాత్రమున అంతయు నశించినదని విడువరాదు. కరెంటు వచ్చిన పిమ్మట వేడిని పెంచి ఆ నష్టమును పూడ్చ యత్నింపరాదు.

రెండవ నష్టము: మా చేతులు

రెండవమారు వేడి సరిచేసితిమి. తేమ చూచితిమి. త్రిప్పుటలో లోపము లేదు. పదునైదవ దినమున త్రిప్పుట నిలిపి, నీరు పోసితిమి. అంతవరకు అంతయు సక్రమముగనే జరిగినది. పదునాఱవనాటి రాత్రి గ్రుడ్లలోనుండి సన్నని కిచకిచలు వినవచ్చినవి. మఱునాటి ఉదయమునకు పెంకులపై నక్షత్రములవంటి పగుళ్లు కనబడినవి. ఆ ఆనందమే మా కొంప ముంచినది.

ఇరుగుపొరుగువారు చూడవచ్చిరి. పిల్లలు బడికి పోనని మారాము చేసిరి. వచ్చినవారికెల్ల మేము మూత తెరచి చూపితిమి. ఒక్కొక్కమారు తెరచినపుడు లోపలి తడిగాలి యంతయు బయటికి పోవును. పగిలిన గ్రుడ్డులోని పలుచని పొర ఎండి, కాగితమువలె పిల్లను చుట్టుకొని బిగియును. పిల్ల తిరుగలేదు, పెంకును చుట్టు కోయలేదు. మధ్యాహ్నమునకు కొన్ని గ్రుడ్లు పగిలియు కదలక ఉండుటచూచి, మేము జాలిపడి గోళ్లతో పెంకు ఒలిచితిమి. నాలుగు గ్రుడ్లను అట్లు ఒలువగా నాల్గింటను నెత్తురు కనబడినది. ఆ పొరలోని రక్తనాళములు అప్పటికింకను ఎండలేదు, పచ్చసొన ఇంకను కడుపులోనికి పోలేదు. పిల్ల ఆగినది అలసియో, చావబోయియో కాదు. తనకు కావలసిన కాలమును తీసికొనుచుండెను. మేము దానిని ఆగనీయలేదు. ఆ సోదరి చిన్నకూతురు మా చేతి వ్రేళ్లవంక చూచి ఏమియు అనక లోపలికి వెళ్లినది. ఇది చెప్పుకొనుటకు సిగ్గుగానున్నది. అయినను చెప్పకున్నచో మీలో మరియొకరు ఇదే జాలితో ఇదే పని చేయుదురు.

కావున కడపటి మూడు దినములు మూత ముట్టరాదు. ఆ దినములకు కావలసిన నీరు ముందే పోసి, గ్రుడ్ల క్రింద గరుకుగుడ్డ పఱచి, మూయుడు. మొదటి పగులునకును పిల్ల బయటికి వచ్చుటకును నడుమ చాల గంటలు పట్టవచ్చును. పిల్లలు వచ్చిన పిమ్మటను వెంటనే తీయవలసిన పనిలేదు. కడుపులోనికి లాగుకొన్న పచ్చసొన వానికి ఒక దినమునకు పైగా ఆహారము. ఒళ్లు ఆరి, దూదిపింజెలవలె పొంగినవానిని ఒక్కమారుగా తీయవలెను. మూడవమారు మేము ఆ పెట్టెను పట్టుగుడ్డతో కప్పి, పైన తాడు కట్టి, ముడిని ఆ చిన్నపిల్లచేతనే వేయించితిమి. ఆమె విప్పుమనునంతవరకు ఎవరును విప్పరాదని నియమము పెట్టితిమి.

పిల్లలు వచ్చిన పిమ్మట

అప్పుడే పుట్టిన కౌజుపిల్ల తూకము ఏడెనిమిది గ్రాములు, మన బొటనవ్రేలంత. మొదటి వారము దాని చోటున 35 డిగ్రీల వేడి యుండవలెను. పిమ్మట వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకొని రావలెను. అట్టపెట్టెలో ఒక ప్రక్క బల్బు వ్రేలాడదీసి, వేరొక ప్రక్క చల్లగా వదలినచో పిల్లలే తమకు కావలసిన చోటు వెదకుకొనును. అన్నియు బల్బుక్రింద గుమిగూడి అరచినచో చలి. అన్నియు మూలలకు పోయి నోరు తెరచి రొప్పినచో వేడి ఎక్కువ. చెదరి తిని తిరుగుచున్నచో సరిగానున్నది. ఇచట థర్మామీటరుకంటె పిల్లలు చెప్పునదే నమ్మదగినది.

నున్నని కాగితముపై వదలినచో కాళ్లు జారి రెండు ప్రక్కలకు సాగిపోయి, పిల్ల కుంటిదగును. గరుకుగుడ్డ పఱవవలెను. నీటిపళ్లెములో గులకరాళ్లు నింపవలెను. లేనిచో పిల్లలు అందులో పడి చచ్చును. మొదటిమారు బ్రదికిన పిల్లలలో ఒకటి గిన్నెనీటిలోనే పోయినది. దాణా మెత్తని రవ్వగా నుండవలెను. మాంసకృత్తులు నూటికి 24కు తగ్గరాదు. మా దుకాణములో కోళ్ల దాణా అమ్ముదుము గనుక ఒక మాట చెప్పవలెను: పెద్దకోళ్ల దాణా పిల్ల కౌజులకు పనికిరాదు. మేము అమ్మినను కొనవలదు. ఎలుకలు, పిల్లులు, చీమలు ఈ మూటినుండి పెట్టెను కాపాడుకొనవలెను. పెట్టె కాళ్లను నీటి గిన్నెలలో ఉంచుట మన పాత అలవాటే. పిట్టలను ముట్టినవెనుక సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పిట్టలు ఒక్కసారిగా పలు చచ్చినచో దాచక పశువైద్యశాలకు తెలుపవలెను.

మూడు వారములకు రొమ్ము ఈకలు చూచి మగ, ఆడ తెలియును. మగపిట్ట రొమ్ము ఇటుకరంగుగా నుండును, పెట్ట రొమ్ముపై నల్లమచ్చలుండును. ఇంచుమించు సగము మగవి వచ్చునని ముందే ఎఱుగవలెను. వానిని మాంసమునకు అమ్ముటకు మనసొప్పనివారు మొదలుపెట్టకముందే ఆలోచించుకొనవలెను. ఈ గ్రుడ్లు ఉబ్బసమును మాన్పుననియు, మఱేదో చేయుననియు చెప్పి అమ్మువారు కలరు. మనము ఆ పని చేయరాదు. ఇది మంచి ఆహారము, అంతవఱకే చెప్పి అమ్ముదము.

లెక్క

మూడవమారు పెట్టినవి 48 గ్రుడ్లు. పదునెనిమిదవనాడు ఆ చిన్నపిల్ల ముడి విప్పగా 33 పిల్లలు లేచియుండెను. నెల గడచునప్పటికి 30 నిలిచినవి. వానిలో 16 పెట్టలు. ఇపుడు వాని గ్రుడ్లను ఆమె మన వీధిలోనే అమ్ముకొనుచున్నది. కుట్టుపని మానలేదు, మానునంత రాబడి ఇందు లేదు. బడి ఫీజునకు చేయూతగా నున్నదని మాత్రము చెప్పినది. మొదటి రెండుమారుల 100 గ్రుడ్ల వెలను మేము మా ఖాతాలో వ్రాసికొంటిమి. యంత్రపు ధరను కూడ తీసికొమ్మంటిమి గాని ఆమె ఒప్పుకొనలేదు.

ఇక మా ప్రార్థన. ఎవరును అప్పుచేసి యంత్రము కొనవలదు. ఏడాదిలో కొద్ది దినములు మాత్రమే వాడు యంత్రము ఇంటింటను ఉండవలసిన పనిలేదు. మన సంఘమునకు ఒక యంత్రమును, పరీక్షించిన థర్మామీటరును, చిన్న కాటాను మేము ఇచ్చుచున్నాము. కావలసినవారు పేరు వ్రాయించుకొని ఇరువది దినములకు తీసికొనిపోయి, కడిగి, ఎండబెట్టి తిరిగి తేవలెను. దానితోపాటు ఒక నోటుపుస్తకము ఉండును. ఎన్ని పెట్టితిరి, ఎన్ని వచ్చినవి, ఎక్కడ తప్పినది అన్నది దానిలో వ్రాయవలెను. తప్పినవి దాచవలదు. మొదటి రెండు పుటలలో మా తప్పులు ఇదివరకే వ్రాసియున్నవి. మొదటిసారి పెట్టువారు 12 గ్రుడ్లకు మించి పెట్టవలదు. చెడినను ఆ నష్టము ఇంటికి భరింపదగినదిగా నుండును.

వచ్చు ఆదివారము ఉదయము ఆ సోదరియే ఇచటికి వచ్చి యంత్రమును నడిపి చూపుటకు అంగీకరించినది. ఈమారు చెప్పునది ఆమె, వినునది మేము. మీరెల్లరు రావలెనని కోరుచున్నాము.